అడగనని మాటిచ్చిన ప్రశ్న

ఒక ప్రశ్న బరువును నేను చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. దాన్ని అడిగింది నేనే. అడిగిన రోజు ఎంత తేలిగ్గా నా నోట్లోంచి వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాతే బరువెక్కుతూ వచ్చింది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పాలని కొన్నిసార్లు నోరు తెరిచాను. ఎండల గురించో, పిల్లల చదువుల గురించో మాట్లాడి ఊరుకున్నాను.

నా పేరు రాయను. ఇందులో వచ్చే ఆమె పేరు కూడా అసలుది కాదు. ఎస్తేరు మేడం అని పిలుస్తాను. ఊళ్ళను, మరికొన్ని వివరాలను అటూ ఇటూ జరిపాను. ఎందుకు జరపవలసి వచ్చిందో ముందుకు పోతే మీకే తెలుస్తుంది. నేను చేసింది మాత్రం చేసినట్టే చెబుతాను.

మాది కరీంనగర్. నాన్నకు గడియారాలు బాగుచేసే దుకాణం ఉండేది. ఇంట్లో ఉర్దూ, తెలుగు రెండూ, గడప దాటితే తెలుగే. మా ఇంటి ఆడపిల్ల మైకు పట్టుకుని రోడ్డు మీద నిలబడుతుందని మావాళ్ళెవరూ అనుకోలేదు. డిగ్రీ అయ్యాక ఒక వార్తా ఛానెల్లో చేరాను. జిల్లా రిపోర్టర్లలో ఆడవాళ్ళు అప్పట్లో చాలా తక్కువ. ప్రెస్ మీట్లలో మగవాళ్ళ మోచేతుల మధ్య నిలబడి ప్రశ్న వేయడం నేర్చుకున్నాను. నా ప్రశ్నకు ఎదుటివాళ్ళు తడబడితే లోపల ఏదో దీపం వెలిగినట్టు ఉండేది. ఆ దీపం గురించే మీకు చెప్పాలి. అసలు తప్పంతా దాని వెలుగులోనే జరిగింది.

ఖానాపూర్ అవతల, అడవి మొదలయ్యే చోట, ఆడపిల్లల హాస్టల్ ఒకటి ఉండేది. నిర్మల్ ఇంకా వేరే జిల్లా కాలేదు, అదంతా ఆదిలాబాదే. ఎస్తేరు మేడం అక్కడ వార్డెన్. యాభైకి దగ్గర పడిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. సొంతూరు చొప్పదండి వైపు. మిషన్ చర్చి కుటుంబం, తల్లిదండ్రులు కూలి చేసి చదివించారు. అంతకుముందు ఏడాది ఆ హాస్టల్ పిల్లల ఖోఖో జట్టు మీద నేనొక కథనం చేశాను. అప్పుడు ఆమె నన్ను కూర్చోబెట్టి, తన టిఫిన్ డబ్బాలోంచి జొన్నరొట్టె సగం తుంచి ఇచ్చింది. కథనం వచ్చాక ఫోన్ చేసి, "మా పిల్లలను మంచిగ చూపించినవ్ బిడ్డా" అంది. ఆ ఒక్క పరిచయం వల్లనే ఆమె నన్ను నమ్మింది. నేను ఆడపిల్లను కావడం వల్ల కూడా అనుకుంటాను.

ఆ రోజు పొద్దున నేను నిర్మల్‌లో ఉన్నాను. ఒక పెద్ద నాయకుడి పర్యటన కోసం ఛానెల్ వాళ్ళు లైవ్ వ్యాన్ కూడా పంపారు. అంతలో ఫోన్ వచ్చింది. హాస్టల్ పిల్లలకు రాత్రి అన్నం తిన్నాక వాంతులు, విరేచనాలు. ఖానాపూర్ దవాఖానలో ఉన్నారు. వ్యాన్ అటు తిప్పించాను. ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలు, చేతులకు సెలైన్లు. ఎవరికీ ప్రాణభయం లేదని డాక్టర్ చెప్పాడు. తల్లిదండ్రులు వరండా నిండా ఉన్నారు. అందరి నోటా ఒకటే మాట. రాత్రి వార్డెన్ హాస్టల్‌లో లేదు.

ఎక్కడికి పోయింది?

హాస్టల్‌కు వెళ్ళేసరికి ఆమె అప్పుడే వచ్చినట్టుంది, పంపు దగ్గర ముఖం కడుక్కుంటోంది. చీర అంచుకు బురద. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి తుడుచుకుంటూ వచ్చి, ముందు పిల్లల గురించే అడిగింది. ఏ పిల్ల ఎట్లా ఉందో పేరుపేరునా అడిగింది. దవాఖానకే పోతున్నానని, చీర మార్చుకోవడానికి వచ్చానని చెప్పింది. కెమెరామన్ వ్యాన్ దగ్గర తీగలు సర్దుతున్నాడు. మేమిద్దరమే ఉన్నాం. నేను ఆమె చెయ్యి పట్టుకుని, మెల్లగా అడిగాను. మైకు లేదు. నిజంగానే బాధతో అడిగాను. ఆ క్షణంలో నేను మంచిదాన్నే. ఇది చెప్పుకోవడం ఇప్పుడు సిగ్గుగా ఉన్నా, నిజం కాబట్టి చెబుతున్నాను.

ఆమె చెప్పింది.

పదో తరగతి పిల్ల ఒకతి చిన్నమ్మ ఇంట్లో ఏదో కార్యం ఉందని ఇంటికి పోయింది. పోయాక తెలిసింది, కార్యం తన పెళ్ళేనని. ఎవరిదో ఫోన్ అడుక్కుని మేడంకు చెప్పి ఏడ్చింది. మర్నాడే ముహూర్తం. ఎస్తేరు మేడం పోలీసులకు చెప్పవచ్చు. చట్టం అదే చెబుతుంది, ఆమెకూ తెలుసు. కానీ ఆ పిల్ల ఒక్కటే బతిమాలింది, మా బాపును స్టేషన్‌కు పంపకు మేడం అని. హాస్టల్‌ను తన కింది టీచర్‌కు అప్పజెప్పి, చీకటి పడేలోపు మేడం ఆటో మాట్లాడుకుని ఆ ఊరికి పోయింది. తండ్రితో మాట్లాడుతూ కూర్చుంది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. తెల్లవారేసరికి ఆయన ఒప్పుకున్నాడు. ఒకే షరతు పెట్టాడు. పిల్లకు సుస్తీ చేసిందని పిలగాని ఇంటివాళ్ళకు చెప్పుకుంటాను, నువ్వు వచ్చి తీసుకుపోయావని ఈ ఊళ్ళో గానీ ఆ ఊళ్ళో గానీ తెలిస్తే నేను బతకలేను అన్నాడు. ఆమె మాటిచ్చింది. పిల్లను వెంటబెట్టుకుని బస్సెక్కింది. దారిలోనే హాస్టల్ సంగతి తెలిసింది.

"పిల్ల లోపట్నే ఉన్నది" అంది. "నిద్ర లేదు, పండుకోమన్న."

అప్పుడే నా ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి మా వార్తల డెస్క్. కొన్ని నిమిషాల్లో లైవ్. ఆమెకు వినబడింది. నా చెయ్యి వదలలేదు.

"గిది కెమెరా ముందట అడగకు బిడ్డా" అంది. "నన్ను ఏమన్న తిట్టు. రాత్రి లేను, తప్పే, ఒప్పుకుంట. ఏడికి పోయినవని మాత్రం అడగకు. నాకు అబద్ధం చెప్ప రాదు. గా తండ్రికి మాటిచ్చిన."

"అడగనమ్మా" అన్నాను.

ఈ మాట నేను ఆమె కళ్ళలోకి చూసి అన్నాను. ఆమె తల ఊపింది. కొంగు సర్దుకుని, హాస్టల్ వరండా ముందు నేను చూపించిన చోట నిలబడింది. నా మాట మీద నమ్మకంతో నిలబడింది. లేకపోతే కెమెరా ముందుకు రావలసిన అవసరమే ఆమెకు లేదు.

మొదట పిల్లల ఆరోగ్యం అడిగాను. వంట గురించి అడిగాను. నీళ్ళ ట్యాంకు శుభ్రం చేయించమని పైవాళ్ళకు చాలాసార్లు చెప్పానని ఆమె అంది. రాత్రి తాను లేకపోవడం తప్పేనని, నేను అడగకుండానే, తనంతట తానే చెప్పింది. అంత సూటిగా ఒప్పుకున్న అధికారిని నేను అప్పటికి చూడలేదు. చెవిలో డెస్క్ గొంతు అరుస్తోంది, ఎక్కడికి పోయిందో అడుగు, అడుగు అని. వాళ్ళకు ఏమీ తెలియదు. నాకు తెలుసు.

చాలాకాలం నేను డెస్క్ మీదికి నెట్టాను. వాళ్ళు అరిచారు కాబట్టి అడిగానని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమా? డెస్క్ అరుపులను చెవిలోంచి తీసి పక్కన పెట్టడం నాకు బాగా వచ్చు. అంతకుముందు ఎన్నోసార్లు చేశాను. లైన్ సరిగ్గా లేదంటే సరిపోయేది. మరెందుకు అడిగాను? నా లోపల ఆ దీపం వెలిగింది. ఈ ప్రశ్న వేస్తే ఆమె జవాబు చెప్పదని ఆ ప్రాంతం మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. అబద్ధం చెప్పదు, నిజం చెప్పదు. నోరు మూసుకుని నిలబడుతుంది. ఆ నిలబడటం తెర మీద ఎట్లా ఉంటుందో నాకు ముందే కనబడింది. జవాబు కోసం అడిగి ఉంటే అది వేరే తప్పు. నేను ఆ మౌనం కోసం అడిగాను.

"మేడం, రాత్రంతా మీరు ఎక్కడున్నారు?"

ఆమె నా వైపు చూసింది. కెమెరా వైపు కాదు, నా వైపు. పెదవులు కొద్దిగా విడివడి మళ్ళీ కలుసుకున్నాయి. వెనక ఎక్కడో తలుపు చప్పుడైంది. ఆమె తల కొంచెం తిప్పి, ఒక అడుగు పక్కకు జరిగి నిలబడింది. మళ్ళీ నా వైపు చూసింది. నేను మైకు ఇంకొంచెం ముందుకు జరిపాను. ఆ మౌనం ఎంతసేపు ఉందో చెప్పలేను. కడెం వాగు వైపు నుంచి గాలి వచ్చి ఆమె కొంగును కదిపింది. ఆమె మాత్రం కదలలేదు. చివరికి, "పిల్లలు దవాఖానల ఉన్నరు, నేను పోవాలె" అని వెళ్ళిపోయింది.

ఆ చివరి మాట తర్వాత ఎవరూ వినలేదు. డెస్క్‌లో కోసేశారు. నా ప్రశ్న, ఆమె మౌనం, ఒక అడుగు పక్కకు జరగడం, ఇంతే మిగిలింది. అది ఆ రోజంతా తిరిగింది, మర్నాడూ తిరిగింది. కింద ఎర్ర అక్షరాలు. నాకు హైదరాబాద్ నుంచి మెచ్చుకుంటూ ఫోన్లు వచ్చాయి.

ఇంట్లో అమ్మీ టీవీ ముందు కూర్చుని చూసింది. మా అమ్మకు వార్తలంటే ఇష్టం ఉండదు, నా కోసం చూసేది. అది రెండోసారి వచ్చేదాకా చూసింది. తర్వాత అంది, "గామె మొకంల తప్పు చేసినోళ్ళ భయం లేదు బేటీ. నిన్ను చూసి పరేషాన్ అయినట్టున్నది." నేను అన్నం కలుపుకుంటూ, "అట్లనే ఉంటరు అమ్మీ, దొరికిపోయినోళ్ళు" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా నాలుక వణకలేదు. అది తలచుకుంటేనే నాకు ఇప్పుడు భయం వేస్తుంది.

ఆమెను సస్పెండ్ చేశారు. విచారణలో కూడా ఆమె ఒక్కటే చెప్పిందట, రాత్రి నేను లేను, నా తప్పు అని. కారణం అడిగితే సొంత పని అంది. పిల్లలందరూ కోలుకుని తిరిగి వచ్చారు. లోపం నీళ్ళ ట్యాంకులోనే ఉందని తర్వాత తేలింది. అది వార్త కాలేదు, నేనూ చేయలేదు. ఆ వీడియో కింద జనం రాసినవి మాత్రం చదివాను. పెళ్ళికాని ఆడమనిషి రాత్రంతా ఎక్కడుంటుంది అని మొదలుపెట్టి, ఏమేం రాయవచ్చో అన్నీ రాశారు. ఎవరెవరితోనో అంటగట్టారు. నవ్వుకున్నారు. నేను ఒక్కో మాట చదివాను. చదివేవాళ్ళలో అవి అబద్ధాలని తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే. ఒక్క వాక్యం రాస్తే చాలు అనుకునేదాన్ని. వెంటనే, రాస్తే ఆ పిల్ల బయటపడుతుంది కదా అని నాకు నేనే అడ్డం చెప్పుకునేదాన్ని. ఎంత సౌకర్యంగా కుదిరిందో చూడండి. ఆమె ఇచ్చిన మాట వెనక నేను దాక్కున్నాను.

ఆమె కథ అక్కడితో నా వరకు ముగిసింది. కొంతకాలానికి వేరే చోట మళ్ళీ ఉద్యోగం ఇచ్చారని, వార్డెన్‌గా మాత్రం వేయలేదని విన్నాను. ఫోన్ చేయలేదు.

కానీ నేను చేసింది అక్కడితో ఆగలేదు. అసలు సంగతి ఇక్కడుంది.

కొన్నేళ్ళకు ఛానెల్ వదిలేశాను. కరీంనగర్‌లో ఒక కాలేజీలో జర్నలిజం చెప్పడం మొదలుపెట్టాను. దాంతోపాటు అధికారులకు, డాక్టర్లకు, బ్యాంకు మేనేజర్లకు శిక్షణ తరగతులు. మీడియా ముందు ఎట్లా మాట్లాడాలి, ఎట్లా మాట్లాడకూడదు. ఇంటర్వ్యూలు ఎక్కడ బెడిసికొడతాయి. జనం ఇష్టంగా వచ్చేవారు. ఆ తరగతుల్లో నేను చూపించే మొదటి వీడియో ఏమిటో మీరు ఊహించే ఉంటారు.

అవును. అదే.

నా గొంతు తీసేసి, ప్రశ్నను తెర మీద అక్షరాల్లో వేసేదాన్ని. ఒక రిపోర్టర్ అడిగారు అని చెప్పేదాన్ని. తర్వాత ఆమె ముఖం వచ్చేది. హాల్లో నవ్వులు వినబడేవి, అయ్యో అనే నిట్టూర్పులు కూడా. వీడియో అయ్యాక నేను ఆఖరి చిత్రం మీద ఆపి, వేలుతో చూపిస్తూ చెప్పేదాన్ని. చూశారా, చూపు తిప్పుకుంది. చూశారా, పక్కకు జరిగింది. శరీరం పారిపోవాలనుకుంటోంది. మీడియా ముందు మౌనంగా ఉంటే నేరం ఒప్పుకున్నట్టే. ఏదో ఒకటి చెప్పండి, విచారణ జరుగుతోంది అనైనా చెప్పండి, ఇట్లా మాత్రం నిలబడకండి. అందరూ రాసుకునేవారు. ఏళ్ళ తరబడి ఆ మనిషిని నేను తెల్లటి గోడల మీద నిలబెట్టి, తెలియనివాళ్ళకు పాఠంగా చూపించాను. ఆమెకు ఒక్కసారి చేసిన అన్యాయాన్ని మళ్ళీ మళ్ళీ చేశాను. అలవాటు ఎంత చిత్రమైనదంటే, ఆ వీడియో నడిచే సమయంలో నేను నీళ్ళు తాగడానికి పక్కకు పోయేదాన్ని.

ఆ మధ్య ఒక కాలేజీ వాళ్ళు కొత్త సెమినార్ హాలు కట్టారు. ఒక గోడ మొత్తం తెరే. ఆ రోజు తరగతికి వచ్చినవాళ్ళు ప్రభుత్వ డాక్టర్లు. వీడియో మొదలైంది. అప్పటివరకు నేను దాన్ని పూర్తిగా చూసింది చిన్న చిన్న తెరల మీదే. ఇప్పుడు ఆమె మనిషంత ఎత్తున, మనిషి కంటే ఎత్తున, నా ముందు నిలబడింది. నేను పక్కకు పోలేకపోయాను. ఆ కళ్ళలోని ఎరుపు కనబడింది. చీర అంచు బురద కనబడింది. తలుపు చప్పుడైంది. ఆమె వెనక, వరండాలో, తలుపు సందులోంచి ఒక పిల్ల బయటికి అడుగు పెట్టింది. భుజానికి సంచి. సగం ముఖం, ఒక జడ. చేతులకు మోచేతుల దాకా గోరింటాకు. మేడం ఉందా అని చూడటానికి వచ్చినట్టుంది. ఒక్క రెప్పపాటు. అంతలో ఎస్తేరు మేడం తల తిప్పి, చూసి, ఒక అడుగు పక్కకు జరిగింది. పిల్ల మాయమైంది. ఆ తర్వాత ఎంతసేపు మౌనం నడిచిందో అంతసేపూ మేడం అక్కడినుంచి అంగుళం కదలలేదు. తన వెనక ఒక పెళ్ళికూతురు ఉంది. ఆమె గోడలా నిలబడింది.

ఏళ్ళుగా నేను వేలుతో చూపించి నవ్వించిన అడుగు అది.

దేశమంతా చూస్తుండగా, తనకిచ్చిన మాటను నేను తప్పిన అదే క్షణంలో, ఆమె ఇంకెవరికో ఇచ్చిన మాటను నిలబెట్టుకుంటోంది. నోటితోనే కాదు, ఒళ్ళంతటితో నిలబెట్టుకుంటోంది. ఒక మనిషిలో అంత చోటు ఎట్లా ఉంటుంది? అవమానం మీద పడుతున్నప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఎవరికైనా సహజం. ఆమెకు ఆ క్షణంలో తాను గుర్తే రాలేదు. నేను ఆ గోడంత తెర కింద చీమలా నిలబడ్డాను. నమాజులో తల నేలకు ఆనించినప్పుడు నాకు ఎప్పుడైనా కలిగిందో లేదో తెలియని ఒక భావం ఆ హాల్లో కలిగింది. భయమూ కాదు, భక్తీ కాదు. చాలా పెద్దదాని పక్కన ఇన్నాళ్ళూ తెలియక కూర్చున్నానని తెలిసినట్టు.

వీడియో అయిపోయింది. డాక్టర్లు నేను చెప్పే పాఠం కోసం చూస్తున్నారు. ఒంట్లో బాగాలేదని చెప్పి బయటికి వచ్చేశాను.

తర్వాతి ఆదివారం చొప్పదండి బస్సెక్కాను. రిటైరై అక్కడే చెల్లెలి ఇంట్లో ఉంటోందని ముందే కనుక్కున్నాను. మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చి, తెల్లచీరలోనే అరుగు మీద కూర్చుని ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. జుట్టంతా నెరిసింది. నన్ను చూసి కాసేపు పోల్చుకుంది.

"టీవీ బిడ్డవు గదా నువ్వు" అంది. "చిక్కినవ్. కూసో."

కూర్చున్నాను. దారి పొడవునా సిద్ధం చేసుకున్న మాటలను వదిలేశాను. వచ్చినట్టు చెప్పాను. తెలిసే అడిగానని చెప్పాను. డెస్క్ మాట సాకు అని చెప్పాను. వీడియోను తరగతుల్లో చూపించానని, పాఠం చెప్పానని, జనం నవ్వారని చెప్పాను. ఆమె వింటూనే ఉంది. చేతులు ఆగలేదు. మిరపకాయ ఘాటుకో దేనికో నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అంతా అయ్యాక ఆమె ఒక్కటే అడిగింది.

"గా దినం టీవీల పిల్ల కనవడ్డదా?"

నేను ఎన్ని ప్రశ్నలకైనా సిద్ధపడి వచ్చాను, దీనికి కాదు.

"కనవడ్డదమ్మా" అన్నాను. "ఒక్క రెప్పపాటు. సగం మొకం. నేను సుత మొన్ననే చూసిన."

"ఎవలన్న గుర్తు పట్టిన్రా?"

"లేదమ్మా. ఎవ్వలు ఏమనలే."

ఆమె చేతులు అప్పుడు ఆగాయి. కళ్ళు మూసుకుని పెద్దగా గాలి వదిలింది. "నాకు గదే ఫికరుండె ఇన్నేండ్లు" అంది. "తలుపు చప్పుడు జర ఆలస్యంగ ఇన్న. నేను ఆ టీవీ చూడలే. ఎవల్నన్న అడుగుదమంటే, అడిగితెనే ఎరుకైతది గద."

తనను ఎన్ని అన్నారో అన్నీ పక్కన పెట్టి, ఆ రెప్పపాటును మోసింది ఆమె. ఎవరినీ అడగలేని ప్రశ్నగా మోసింది. నేను ఆమె పాదాల వైపు చూస్తూ కూర్చున్నాను. ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

కాసేపటికి, నిజం అందరికీ చెబుతాను అన్నాను. పేపర్లో రాస్తాను, టీవీలో చెబుతాను, మీ మీద పడ్డ మచ్చ తుడుస్తాను అన్నాను. నిజంగా ఉత్సాహంగా అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"నా పేరు మంచిగ చేస్తానికి గా పిల్లను బయటేస్తవా?"

"పిల్ల పేరు చెప్పనమ్మా."

"నా పేరు చెప్తె చాలదా? గా దినం హాస్టల్ల ఎవరు లేకుండె, ఎవరు కొత్తగ వచ్చిన్రు అని ఒక్కలు లెక్క తీస్తె అయిపాయె. గా తండ్రి ఇంక ఉన్నడు. మాటిచ్చిన నేను సుత ఉన్న."

"మరి మిమ్ములను అన్న మాటలు?"

"మాటలకేంది" అంది. "ఒక ఏడాది చర్చిల నా పక్కన ఎవలు కూసోలే. అటెన్క కూసున్నరు."

అంత మామూలుగా చెప్పింది, పోయినేడు వానలు పడలేదు అన్నట్టు. ఆ ఏడాది ఆదివారాలన్నీ నా కళ్ళ ముందు కదిలాయి. బల్ల మీద ఆమె, ఆమెకు అటూ ఇటూ ఖాళీ.

"నా మీద కోపం లేదా అమ్మా?" అని అడిగేశాను. క్షమించమని అడిగే ధైర్యం లేక, దొడ్డిదారిన అడిగాను.

"ఉండె" అంది. "మస్తు ఉండె. నువ్వు మైకు జర ముందటికి జరిపినవ్ సూడు, గప్పుడు."

ఇప్పుడు లేదా అని అడగలేదు. ఆమె చెప్పలేదు. చెల్లెలు టీ తెచ్చింది, తాగాను. లేచేటప్పుడు, పేర్లు లేకుండా, ఊళ్ళు మార్చి, నేను చేసింది మాత్రం రాసుకోనా అని అడిగాను. ఆమె మిరపకాయలను చాటలోకి ఎత్తుతూ ఆలోచించింది.

"నువ్వు చేసింది నీదే గద" అంది. "రాసుకో. గా బొమ్మ మాత్రం ఇగ ఎవలకు చూపియ్యకు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆమె నన్ను క్షమించిందా అని ఆలోచించాను. చాలాసేపు ఆ మాటలను అటూ ఇటూ తిప్పి చూశాను, ఎక్కడైనా నాకు అనుకూలమైన అర్థం దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఆమె నాకు ఇచ్చింది టీ ఒక్కటే. అది ఇంటికి ఎవరొచ్చినా ఇస్తారు.

ఆ వీడియోను నా దగ్గర ఉన్నచోటల్లా తీసేశాను. బయట తిరిగేది తిరుగుతూనే ఉంటుంది, దాన్ని నేను ఆపలేను. తర్వాతి తరగతిలో ఒక తహసీల్దార్ అడిగాడు, మేడం, ఆ మాట్లాడని వార్డెన్ వీడియో ఉంటుందట కదా, మా వాళ్ళు చెప్పారు అని. ఇక చూపించడం లేదన్నాను. ఎందుకని అడిగాడు. ఆ పాఠం నేను తప్పుగా చెప్పాను అన్నాను. మరి సరైన పాఠం ఏమిటి మేడం అన్నాడు. పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు. ఏం చెప్పాలి? ఇంటర్వ్యూ బెడిసికొట్టినప్పుడు జవాబు చెప్పేవాళ్ళ తప్పులనే ఇన్నాళ్ళూ ఎంచాను. అడిగేవాళ్ళ గుండెలో ఏముందో ఏ తరగతిలోనూ చెప్పలేదు. నాకు తెలిసినంత బాగా అది ఎవరికి తెలుసు? నోరు తెరిచాను. మళ్ళీ విచారణ, వివరాలు, ప్రకటనలు అంటూ మామూలు పాఠంలోకి పోయాను. అతను రాసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. ఆమె మంచితనం గురించి రాస్తే నా తప్పు అందంగా కనబడుతుందేమోనని భయపడి చాలాసార్లు కొట్టేశాను. ఆమె గొప్పదనం ఆమెది. దాని నీడలో నేను నిలబడటానికి లేదు. నాది ఎంతో అంతే చెప్పాలి.

అడగనని చెప్పాను. అడిగాను. జవాబు రాదని తెలిసి, రాకూడదని కోరుకుని అడిగాను. ఇంత చిన్న మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకు చెప్పాను.